మిగిలిన గుడ్డ ఎవరిది?

తెలుగు పత్రికలు చదివేవారికి ‘అతుకుల బొంత’ అనే మాట కొత్తది కాదు. ఏ పక్షానికీ సంఖ్యాబలం చాలక నాలుగైదు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పరచినప్పుడల్లా ఆ మాట శీర్షికలలోకి ఎక్కుతుంది. గ్రంథంలో ఏకసూత్రత లేదని చెప్పదలచిన సమీక్షకుడు దానినే వాడతాడు. కింది ఉద్యోగి తయారుచేసిన నివేదిక నచ్చని పై అధికారి నోటా అదే మాట వినిపిస్తుంది. అసలు ‘బొంత’ అనే పదానికే మన భాషలో మన్నన తక్కువ. మోటుగా, గరుకుగా, అనాకారిగా కనిపించిన వాటికి ఆ మాటను తగిలించడం మనకు అలవాటు. బొంతకాకి, బొంతపురుగు అలా పుట్టిన మాటలే. అదే వస్తువును సంస్కృతంలో ‘కంథ’ అంటే మాత్రం కొంత మర్యాద వస్తుంది. వీధిలో ఏరుకున్న పీలికలతో కుట్టిన కంథను కప్పుకొని తిరిగే యోగి భజగోవింద స్తోత్రంలో మనకు కనిపిస్తాడు. ఆయన మనకు పూజ్యుడు. అదే కప్పుకొని రైలు వేదికమీద పడుకున్నవాడు పూజ్యుడు కాడు. ఇద్దరి ఒంటిమీద ఉన్నది ఒకటే వస్తువు.

దేశాన్ని బొంతతో పోల్చి మెచ్చుకొనే ధోరణి కూడా సభావేదికలమీద ఉన్నదే. రంగురంగుల ముక్కలు, కలిపి ఉంచే దారం వంటి పోలికలు వినడానికి ఇంపుగా ఉంటాయి. ఆ దారి నేను తొక్కదలచుకోలేదు. బొంతను ఉపమానంగా వాడేవారిలో చాలామంది దానిని కుట్టుతూండగా చూసినవారు కారని నా అనుమానం. నాకు బొంత ఒక వస్తువుగానే ఎదురైంది. తరవాత అదే ఒక ప్రశ్నగా మారింది. ఆ ప్రశ్న ఏమిటో చెప్పేముందు వస్తువును గురించి నాలుగు మాటలు చెప్పాలి.

కృష్ణా డెల్టాలో మేము పెరిగిన చిన్న పట్నంలో బొంత కుట్టడం వేసవి మధ్యాహ్నాల పని. ఏడాది పొడుగునా చినిగిన చీరలు, చివికిన పంచెలు, పొట్టివైపోయిన లంగాలు, నిక్కర్లు ఒక మూటలో చేరేవి. ఎండలు ముదిరాక ఆ మూట విప్పేవారు. ముందు కుట్లన్నీ విప్పాలి. గుండీలు, హుక్కులు కత్తిరించి ఒక డబ్బాలో వెయ్యాలి. చొక్కా కాలరు, నిక్కరు నడుంపట్టీ పనికిరావు, అవి లోపల గడ్డకట్టి ఒంటికి గుచ్చుకుంటాయి. మిగిలినదంతా ఉడకబెట్టి ఉతికి ఎండవేయాలి. అరుగుమీద ఒక పాత చీరను ముడతలు లేకుండా పరచి, నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టి, దానిమీద ముక్కలు పేర్చుకుంటూ పోతారు. ముక్కలు పేర్చడమే విద్య. ఒకచోట మూడు పొరలూ, పక్కనే ఒక పొరా పడితే బొంత పల్లంగుంటలా తయారవుతుంది. గట్టిగా ఉన్న గుడ్డ అంచుల వైపు, మెత్తబడినది నడిమికి రావాలి. తల పెట్టేచోట పాత పంచె ముక్కలు పడాలి. పొరలు జరగకుండా మొదట టాకా వేసి, ఆ తరవాత అంచునుంచి లోపలికి వరస వెంట వరసగా కుట్టుకుంటూ వస్తారు. ఇద్దరు కూర్చుంటే పది పన్నెండు మధ్యాహ్నాలు పట్టేది.

టెరిలిన్, నైలాన్ చీరలు వచ్చాక ఈ పనికి విఘాతం కలిగింది. ఆ గుడ్డమీద సూది జారుతుంది. చెమట పీల్చదు. అన్నింటికన్న ముఖ్యం, అది చివకదు. చివికితేనే నూలుగుడ్డ మెత్తనవుతుంది. కొత్త నేతచీరకు గంజి బిరుసు ఉంటుంది. ఇరవై ఉతుకుల తరవాత అది దారికి వస్తుంది. వందో ఉతుక్కి అది పసిపిల్ల చర్మాన్ని తాకడానికి యోగ్యమవుతుంది. పురిటి గదిలో పాత గుడ్డలే వాడడం పిసినారితనం వల్ల కాదు. మనిషి భూమిమీద పడ్డాక అతణ్ణి మొదట పొదువుకొనేది అంతకుముందు మరొకరు కట్టి విడిచిన గుడ్డే. కాబట్టి ‘పాతది’ అనే మాటను మనం ఎప్పుడూ నష్టం అనే అర్థంలో వాడడం అంత సబబు కాదు.

ఇలా గుడ్డను దాని తుదిదాకా వాడుకోవడాన్ని ధర్మంగా భావించిన సంప్రదాయం ఈ దేశంలో పాతదే. బౌద్ధ వినయపిటకంలోని చుల్లవగ్గంలో ఒక కథ ఉంది. బుద్ధుని పరినిర్వాణం తరవాత ఆనందుడు కౌశాంబికి వెళ్లాడు. ఉదయన మహారాజు అంతఃపుర స్త్రీలు ఆయన ధర్మబోధ విని సంతోషించి ఐదువందల ఉత్తరీయాలు ఇచ్చారు. రాజుకు చిరాకు వేసింది. ఒక భిక్షువుకు ఇన్ని వస్త్రాలెందుకు, ఈయన బట్టల దుకాణం పెట్టబోతున్నాడా అనుకొని, స్వయంగా వెళ్లి అడిగాడు. ఉత్తరీయాలు జీర్ణించిపోయిన భిక్షువులకు పంచిపెడతామన్నాడు ఆనందుడు. మరి ఆ జీర్ణవస్త్రాలను ఏం చేస్తారు? పడకలమీద పరుపు దుప్పట్లుగా వాడతాం. పాత దుప్పట్లను? పరుపులకు గలీబులు చేస్తాం. పాత గలీబులను? నేలమీద పరుస్తాం. ఆ తరవాత? కాళ్లు తుడుచుకొనే పట్టలు చేస్తాం. అవీ పాతబడితే? దుమ్ము దులపడానికి. ఆ దులిపే గుడ్డలు కూడా చిరిగిపోతే? సన్నగా తరిగి మట్టిలో కలిపి నేల అలుకుతాం. రాజు ఇక అడగడానికి ఏమీ మిగలలేదు. శాక్యపుత్రులు దేనినీ వృథా పోనివ్వరని మెచ్చి మరో ఐదువందల వస్త్రాలు ఇచ్చాడట.

ఈ కథను పొదుపుకు దృష్టాంతంగా చెప్పుకోవడం పరిపాటి. అది సరే. నా దృష్టి మరొక అంశం మీద నిలిచింది. ఆనందుడు చెప్పిన ఆ దిగుడుమెట్లలో గుడ్డ హోదా తగ్గుతూ పోతుంది గాని, దాన్ని వాడేవారి హోదా తగ్గదు. ఉత్తరీయం కట్టిన సంఘమే ఆ పట్టతో కాళ్లు తుడుచుకుంటుంది, ఆ మట్టినేలమీదే నడుస్తుంది. మిగిలినదాన్ని దిగువనున్న మరెవరి చేతిలోనో పెట్టి చేతులు దులుపుకొనే ఘట్టం ఆ కథలో ఎక్కడా లేదు. మహావగ్గంలో చీవరాన్ని గురించి చెప్పిన చోట కూడా ఇటువంటి నిజాయితీ కనిపిస్తుంది. మగధలో గట్లు తీర్చిన వరిమళ్లను చూపించి, ఆ తీరులో చీవరాలు కూర్చగలవా అని బుద్ధుడు ఆనందుణ్ణే అడుగుతాడు. ముక్కలుగా కోసి కుట్టిన గుడ్డ శ్రమణుడికి తగినది, దానిమీద ఎవరికీ ఆశ పుట్టదు అన్నది అందులోని ఆంతర్యం. పాంసుకూలం, అంటే దుమ్ముకుప్పమీద దొరికిన గుడ్డను కట్టుకోవడం, ఎవరి చేతికిందా నిలబడకుండా బతకడానికి ఒక మార్గం. ఏరుకున్న గుడ్డకు దాత ఉండడు గనక కృతజ్ఞత చెప్పవలసిన అగత్యమూ ఉండదు.

దాత ఉన్నచోట సంగతి వేరు. నా ప్రశ్న అక్కడే మొదలవుతుంది.

మా ఇంట్లో అంట్లు తోమి, వాకిలి ఊడ్చి, బట్టలు ఉతికే మనిషి ఒకామె ఉండేది. మా అమ్మకంటె పదేళ్లు పెద్ద. అయినా ఇంట్లో పసివాళ్లతో సహా అందరమూ ఆమెను పేరుపెట్టి, ‘నువ్వు’ అనే పిలిచేవాళ్లం. ఆమె నన్ను నా ఎనిమిదో ఏటినుంచే ‘బాబుగారూ’ అనేది. వేసవిలో మా ఇంటి బొంతలు కుట్టింది ఆమే. నెలజీతం కొద్ది రూపాయలు. సంక్రాంతికి, దసరాకు పాత చీరలు, పాత బట్టలు. మా అమ్మ చెడ్డ మనిషి కాదు. చిరుగులు పెద్దవిగా ఉన్నవి పక్కనపెట్టి కొంత కట్టుకోదగినవే ఇచ్చేది. ‘మరీ ఇంత పాతది ఎలా ఇస్తాం’ అని ఒకటి రెండు వెనక్కి తీసుకోవడం కూడా నాకు గుర్తే. అలా వెనక్కి తీసుకున్నవి మా బొంతలోకి వెళ్లేవి. ఆ బట్టలు జీతంలో భాగమో, దయలో భాగమో ఎవరూ తేల్చలేదు. తేల్చకపోవడంలోనే ఆ ఏర్పాటు సౌకర్యమంతా ఉంది. జీతం పెంచమని ఆమె అడిగినప్పుడు ఆ బట్టలు లెక్కలోకి వచ్చేవి. మామూలు రోజుల్లో అవి మా మంచితనం కిందికి వచ్చేవి.

నేను కళాశాలలో చేరిన ఏడాది సెలవులకు ఇంటికి వచ్చాను. ఆమె మూడు రోజులుగా పనికి రావడం లేదు. జ్వరమని తెలిసి అమ్మ మందుబిళ్లలు ఇచ్చి పంపింది. కాలువ అవతల ఆమె ఇల్లు. అన్నేళ్లలో నేను ఆ గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. లోపల నులకమంచంమీద ఒక బొంత పరచి ఉంది. అప్రయత్నంగా దానివైపు చూశాను. నాన్న పంచె తాలూకు జరీచుక్క అంచు, మామిడిపిందెలున్న మా అక్క పసుపుపచ్చ లంగా, నా ఖాకీ నిక్కరు, మా నాయనమ్మ కట్టి విడిచిన తెల్లచీర ముక్కలు. పదేళ్ల మా సంసారం ఆ మంచంమీద వరసగా పరచి ఉంది. ఆమె తడబడుతూ లేచింది. ‘కూర్చోండి బాబుగారూ’ అంటూ, నేను కూర్చునేలోగానే ఆ బొంతను లాగి, తిరగవేసి మళ్లీ పరిచింది. అడుగువైపు ఒకే ఒక్క నీలం నేతచీర. అది మాది కాదు. దానిమీద కూర్చున్నాను. మందుబిళ్లలు ఎలా వేసుకోవాలో చెప్పి లేచి వచ్చేశాను.

ఆమె ఎందుకు తిరగవేసింది? సిగ్గుపడి అని చాలాకాలం అనుకున్నాను. మా గుడ్డలు వాడుకుంటున్నందుకు ఆమెకు చిన్నతనంగా తోచి ఉంటుందనుకున్నాను. ఆ వయసులో అంతకు మించి ఆలోచన సాగలేదు. పైగా ఆ ఆలోచన నాకు కొంత హాయిగా కూడా ఉండేది. ఆమె సిగ్గుపడిందంటే ఇచ్చినవాళ్లం మేమన్నమాట.

ఇవ్వడంలోని ఈ చిక్కుమీద మన దేశంలో ఒక గొప్ప వాగ్వాదం జరిగింది. 1921 జూలై 31న బొంబాయి పరేల్‌లో గాంధీజీ సమక్షంలో విదేశీ వస్త్రాలను గుట్టపోసి దహనం చేశారు. సి.ఎఫ్. ఆండ్రూస్ మనసు కలతపడింది. సాటి మనుషుల చేతిపనిని తగలబెట్టడంలో హింస ఉందని ఆయన లేఖ రాశారు. గాంధీజీ దానిని సెప్టెంబరులో ‘యంగ్ ఇండియా’లో ప్రకటించి సమాధానం చెప్పారు. రవీంద్రనాథ ఠాకూరు కూడా ఆ దహనాన్ని అంగీకరించలేదు. దేశంలో ఒంటిమీద గుడ్డలేని స్త్రీలుండగా బట్టను బూడిద చేసే అధికారం మనకెక్కడిదన్నది ఆయన వాదంలో ఒక భాగం. ఆ సంవత్సరమే అక్టోబరులో గాంధీజీ ఇచ్చిన జవాబు సారం ఇది: గుడ్డలేనివాడికి పని కావాలి, పనికి బదులుగా మనకు అక్కరలేని బట్ట ఇచ్చి అతణ్ణి అవమానించలేను.

ఈ ఇద్దరు మహనీయులలో ఎవరు సరి అన్నది ఇప్పటికీ తేలిక ప్రశ్న కాదు. ఠాకూరు గుడ్డ పక్షాన మాట్లాడారు. ఒకరి శ్రమతో తయారైన వస్తువు వాడుకలో అరిగిపోవాలి గాని మంటలో పోరాదు. ఆనందుడైనా ఆ మాటే అని ఉండేవాడు. గాంధీజీ పుచ్చుకొనేవాడి పక్షాన మాట్లాడారు. మనం తృణీకరించిన దానిని పేదవాడు ఆదరించాలనడం అతని గౌరవాన్ని మనకంటె ఒక మెట్టు కింద లెక్కకట్టడం. అయితే ఆయన వాదంలోనూ ఒక అతుకు బయటికి కనిపిస్తుంది. ఆ ఉద్యమంలో సేకరించిన విదేశీ వస్త్రాన్ని దహనం చెయ్యడమే కాక, దేశం వెలుపల స్మిర్నా వంటి చోట్ల ఆర్తులకు పంపవచ్చునని కూడా అప్పుడు అనుకున్నారు. ఇక్కడి పేదకు అవమానమైనది అక్కడి పేదకు ఎందుకు కాదు? ఈ ప్రశ్న అడిగినందువల్ల గాంధీజీకి వచ్చే లోపమేమీ లేదు. మిగిలిన గుడ్డను గురించి తప్పులేని మాట చెప్పడం ఎంత కష్టమో దీనివల్ల తెలుస్తుంది.

ఆ కష్టం 2004 డిసెంబరు 26 నాటి సునామీ తరవాత తమిళనాడు తీరంలో అందరి కంటా పడింది. దేశం నలుమూలలనుంచి లారీలకొద్దీ పాత బట్టలు నాగపట్టణం ప్రాంతానికి చేరాయి. మత్స్యకారులు వాటిని ముట్టలేదు. రోడ్ల పక్కన, వానలో, బురదలో అవి గుట్టలుగా పడి ఉన్న దృశ్యం ఆనాటి పత్రికలన్నిటిలో వచ్చింది. సర్వం పోగొట్టుకున్నవారికి ఇంత పట్టింపు ఏమిటని విసుక్కున్నవారు లేకపోలేదు. సహాయకార్యక్రమాలలో పనిచేసిన అధికారులకు మాత్రం అందులోని సమంజసం అర్థమై ఉంటుంది. ఇల్లు పోయింది, పడవ పోయింది, అయినవాళ్లు పోయారు. ఒకరు విడిచినది తాను కట్టనన్న నిర్ణయం ఒక్కటే ఆనాటికి వారి చేతిలో మిగిలింది. వృథాగా పడి ఉన్న ఆ బట్టలను పోగుచేసి మళ్లీ వాడుకలోకి తెచ్చే పనికి పూనుకున్న సంస్థలలో 1999లో అంశు గుప్తా ప్రారంభించిన ‘గూంజ్’ ఒకటి. ఊరివారు బావి తవ్వుకొనో, దారి బాగుచేసుకొనో, ఆ పనికి ప్రతిఫలంగా బట్టలు తీసుకొనే పద్ధతిని అది నడుపుతోంది. గాంధీజీ, ఠాకూరుల వాదాలను ఒక కుట్టుతో కలిపే ప్రయత్నమిది. పనికి కూలి డబ్బే కావాలి గాని బట్ట ఎందుకని అడిగేవారికి సమాధానం దొరుకుతుందో లేదో నేను చెప్పలేను. మా ఇంట్లో ఆ ప్రశ్న అడగగలిగిన మనిషి అడగలేదు.

బొంత ప్రస్తావనలో బెంగాలు కంథను దాటిపోవడం కుదరదు. అక్కడ చివికిన చీరలను పొరలుగా పేర్చి, పాత చీరల అంచులనుంచే రంగుదారం లాగి, పూలు, ఏనుగులు, రథాలు కుట్టేవారు. అధికశాతం కంథలు ఇంటివారికోసం, అల్లుడికోసం, పుట్టబోయే మనవడికోసం తయారైనవి. గురుసదయ్ దత్ సేకరించిన కంథలలో మానదాసుందరి అనే స్త్రీ పందొమ్మిదో శతాబ్దిలో తన తండ్రికోసం కుట్టినది ప్రసిద్ధం. తన చేతితో కుట్టానని ఆమె దారంతోనే రాసుకుంది. ఆ గుడ్డ నేసిన సాలెవాని పేరు దానిమీద లేదు. ఆ చీరలు కట్టి విడిచినవారి పేర్లూ లేవు. కుట్టిన మనిషి పేరు ఉంది. ఆ సంతకం న్యాయంగానే పడిందని నాకు తోస్తుంది. చినిగిపోయిన నాలుగు చీరలు నాలుగు చినిగిపోయిన చీరలే. వాటి చరిత్ర అక్కడితో ముగిసింది. వాటిని బొంత చేసినది కుట్టిన చెయ్యి. ఉత్తర కన్నడ జిల్లాలోని సిద్దీ స్త్రీలు కుట్టే ‘కవంది’ నాలుగు మూలలా మడతపెట్టిన ముక్కోణపు గుడ్డను ‘పువ్వు’గా కుడతారు. అది లేకపోతే వారి దృష్టిలో కవంది దిగంబరంగా ఉన్నట్టేనట. అవసరంకోసం కుట్టిన దానిలో అవసరం లేనిది ఒకటి చేర్చడం గమనించదగినది. ఈ గుడ్డలు ఎక్కడినుంచైనా వచ్చి ఉండవచ్చు, వస్తువు మాత్రం మాది అని చెప్పడానికి ఆ పువ్వు చాలు.

అతుకును ప్రదర్శనకు పెట్టడమనే మరో కథ ఉంది. అది ఈనాటిది కాదు. పదకొండో శతాబ్దిలో లాహోరులో స్థిరపడిన సూఫీ హుజ్వీరీ తన ‘కష్ఫుల్ మహ్‌జూబ్’ గ్రంథంలో మాసికల అంగీలకు ఒక అధ్యాయమే కేటాయించాడు. పేరుకోసం అతుకులు వేసుకొనేవారిని ఆయన ఉపేక్షించలేదు. మాసిక కుట్టు తిన్నగా ఉండాలా, సూది ఎటు పోతే అటు పోనివ్వాలా అన్న విషయంలో కూడా ఆనాటి ఫకీరులలో రెండు అభిప్రాయాలున్నాయని రాశాడు. ఈనాడు నగరాల్లోని ఖరీదైన దుకాణాలలో కొత్త గుడ్డను ముక్కలు చేసి, వెలిసిపోయినట్టు రంగువేసి, అతికి అమ్ముతున్నారు. వాటి ధరతో కాలువ అవతలి వాడలో ఒక ఇంటికి నెల గడుస్తుంది. హుజ్వీరీ ఉంటే ఆ అధ్యాయానికి రెండు పుటలు కలిపి ఉండేవాడు. అంతకుమించి దీనిమీద కాలక్షేపం అనవసరం.

నా పాత ప్రశ్నకు మరో జవాబు ఉండవచ్చునని తోచింది 2012లో వచ్చిన ‘అన్‌రావెల్’ అనే చిన్న చిత్రం చూశాక. పాశ్చాత్య దేశాలలో విడిచిన బట్టలు ఓడలమీద మనదేశానికి వచ్చి, హర్యానాలోని పానిపట్టుకు చేరతాయి. అక్కడ స్త్రీలు వాటి గుండీలు, జిప్పులు కోసివేసి చీలికలు చేస్తే, ఆ చీలికలనుంచి మళ్లీ నూలు తీసి చవక కంబళ్లు నేస్తారు. ఆ పనిచేసే స్త్రీలు బట్టలు కత్తిరిస్తూ, వాటిని విడిచినవారిని గురించి మాట్లాడుకుంటారు. ఇంత మంచి బట్టలు ఎందుకు పారేస్తారు? బహుశా ఆ దేశాల్లో నీళ్లు ప్రియమేమో, ఉతకడంకంటె కొనడమే చవకేమో! అంత పెద్ద నడుముకు ఆ బట్టలు ఎలా పట్టించారో! వాళ్ల మాటల్లో ఎక్కడా దైన్యం లేదు. తెలుసుకోవాలన్న కుతూహలం, కొంత జాలి, కొంత నవ్వు ఉన్నాయి. విడిచిన బట్ట విడిచినవాడి గుట్టు కూడా మోసుకుపోతుందని నాకు అంతవరకు తట్టలేదు.

అది తట్టిన తరవాత కాలువ అవతలి ఆ గది మరోలా కనిపించడం మొదలుపెట్టింది. మా ఇంటి గుడ్డలన్నీ ఉతికింది ఆమె. మా నాన్న పంచె ఏ ఏడాది ఎక్కడ చిరిగిందో, ఆ చిరుగును ఎన్ని నెలలు కుట్టుకొని కట్టారో, అంటే ఏ ఏడాది మా ఇంట్లో డబ్బుకు ఇబ్బంది అయిందో ఆమెకు తెలుసు. నాయనమ్మ పక్క తడుపుతున్న సంగతి మా చుట్టాలకు తెలియకముందే ఆమెకు తెలుసు. నా నిక్కరు ఎందుకు చినిగిందో, ఆ సాయంత్రం నన్ను నాన్న ఎందుకు కొట్టారో కూడా. ఇరవై ఏళ్లపాటు ఆమె ఒక్క మాట బయట అనలేదు. అటువంటి మనిషి ఇంటికి ఒక కుర్రవాడు అకస్మాత్తుగా వచ్చి, తన వాళ్లందరి గుడ్డలూ తన కళ్లముందు పరచి ఉండగా దిక్కుతోచక నిలబడ్డాడు. ఆమె బొంత తిరగవేసింది. సిగ్గుపడుతున్నది నేనని ఆమె గ్రహించి, నా ముఖంమీది ఇబ్బందిని కప్పడానికే ఆ పని చేసి ఉండవచ్చు. ఇలా అనుకోవడంలో కూడా నాకు అనుకూలమైన కల్పన ఏదైనా ఉందేమో తెలియదు. అడిగే అవకాశం దాటిపోయి చాలా ఏళ్లయింది.

తెలిసినంతవరకు చెప్పగలిగినది ఇది. గుడ్డ తుదివరకు వాడుకలో ఉండడం మంచిదే. ఆ విషయంలో ఆనందుడితో నాకు వివాదం లేదు. కాని గుడ్డకున్న ఆ హక్కును చూపించి మనిషి హక్కును తగ్గించడం మేము చేసిన పని. ‘పారేసేకంటె ఎవరికైనా ఇస్తే పుణ్యం కదా’ అనే మాటలో గుడ్డకు కావలసినది దొరికింది, మాకు పుణ్యం దొరికింది, ఆమెకు కావలసినది ఏమిటో అడగడం మిగిలిపోయింది. ఇచ్చిన తరవాత కూడా ఆ బట్టమీద మా హక్కు ఏదో ఉన్నట్టే ప్రవర్తించాం. ఆమె కూతురు మా అక్క లంగా కట్టుకొని మా వీధిలోకి వస్తే ‘అది మనదే కదూ’ అని గుర్తుపట్టి నవ్వుకునేవాళ్లం. ‘మనది’ అన్న ఆ మాటలో ఎంత తప్పుందో అప్పుడు ఎవరికీ వినిపించలేదు.

నిరుడు అమ్మ పెట్టె సర్దుతుంటే అడుగున ఒక బొంత దొరికింది. ఆమె కుట్టిన వాటిలో చివరిది కాబోలు. అక్కా నేనూ నేలమీద పరచి చూశాం. పైచీర అమ్మది. చినిగినచోట్ల లోపలి ముక్కలు బయటపడ్డాయి. ఇది నాన్న పంచె, ఇది నీ చొక్కా, ఇది పిన్ని తెచ్చిన పూల చీర అని అక్క వేలు పెట్టి చెప్పుకుంటూ పోయింది. కాళ్లవైపు మూలకు వచ్చేసరికి ఆగింది. అక్కడ జానెడు వెడల్పున ఆకుపచ్చ గళ్ల గుడ్డ ఉంది. గుడ్డ చాలనప్పుడు తెచ్చి కలిపిన ముక్కలా ఉంది, కుట్టుమాత్రం మిగతాదానికి మల్లేనే దగ్గరగా, తిన్నగా ఉంది. అది ఎవరిదని అక్క నన్ను అడిగింది. అటువంటి గళ్ల గుడ్డ మా ఇంట్లో ఎవరూ ఎన్నడూ కట్టలేదు.